పాఠకుల ప్రశ్నలు: జపాన్ యానిమేలో ఇన్ని సిలువలెందుకు?

ప్రశ్న: బ్రదర్ గారూ, వందనాలు. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. ఫోన్ తీస్తే జపాన్ కార్టూన్లే, యానిమే అంటారట. మొన్న గదిలో ఒక పోస్టర్ అంటించాడు, ఆకాశమంత ఎత్తున వెలుగుతున్న సిలువ, పక్కన ఒక పెద్ద రోబో. పేరు ఎవాంగెలియన్ అట, అంటే సువార్త అట. తీసినవాళ్లు విశ్వాసులా, లేక మనల్ని వెక్కిరించడానికి తీశారా? చింపేయమంటారా? (ఒక తల్లి)

జవాబు: తొందరపడి చింపకండమ్మా. పోస్టర్‌తో పాటు వాడు మీతో చెప్పుకునే నాలుగు మాటలు కూడా పోతాయి. మీరడిగిన రెండూ కాదు. తీసినవాళ్లు విశ్వాసులు కారు, వెక్కిరించాలనీ తీయలేదు.

పేరు సంగతి నిజమే. గ్రీకులో ఎవాంగెలియోన్ అంటే శుభవార్త, మనం సువార్త అనే మాటే. గైనాక్స్ అనే స్టూడియో, హిదేకి అన్నో దర్శకత్వంలో తీసిన 26 ఎపిసోడ్ల సిరీస్ ఇది, 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి వరకు టీవీ టోక్యోలో వచ్చింది. అందులో మనుషుల మీదికి వచ్చే వింత జీవులను జపనీస్‌లో షితో అంటారు. ఆ మాటకి అర్థం అపొస్తలుడు! అదే జీవిని తెర మీద ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం ఏంజెల్ అని రాశారు. అపొస్తలుడికీ దేవదూతకీ తేడా తెలిసినవాళ్లు తీసి ఉంటే ఇలా ఉండేదా? లాంగినస్ బల్లెం అని ఒక ఆయుధం ఉంటుంది. యోహాను 19:34లో యేసు ప్రక్కలో పొడిచిన సైనికుడికి అసలు పేరే లేదు, లాంగినస్ అన్నది తర్వాతి కాలం సంప్రదాయం పెట్టిన పేరు. మూడు కంప్యూటర్లకి మెల్కియోర్, బల్తజార్, కాస్పర్ అని తూర్పు జ్ఞానుల పేర్లు పెట్టారు, ఆ పేర్లూ మత్తయి సువార్తలో లేవు. వీటికి తోడు యూదుల పాత కథల్లోని లిలిత్ అనే పాత్ర, కబ్బాలా అనే యూదుల మార్మిక బోధలోని చెట్టు బొమ్మ. దొరికిందల్లా తెచ్చి కలిపేశారన్నమాట.

ఇది నా ఊహ కాదు. ఆ సిరీస్ సహాయ దర్శకుడు కజుయా త్సురుమాకి తర్వాత ఈ సంగతి ఒప్పుకున్నాడు. రోబో సిరీస్‌లు అప్పటికే బోలెడు ఉన్నాయి కాబట్టి తమది వేరుగా కనిపించాలని క్రైస్తవ గుర్తులు వాడుకున్నామనీ, తమలో క్రైస్తవులెవరూ లేరనీ, వాటి వెనక క్రైస్తవ భావమేమీ లేదనీ చెప్పాడు.

మనకు ప్రాణంతో సమానమైన గుర్తు వాళ్లకి అలంకారం ఎలా అయిందంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఫ్రాన్సిస్ జేవియర్ అనే మిషనరీ 1549లో జపాన్‌లోని కాగోషిమాలో అడుగుపెట్టాడు. మొదట్లో సువార్త బాగానే పాకింది. 1587లో అప్పటి పాలకుడు హిదెయోషి మిషనరీలను వెళ్లిపొమ్మన్నాడు, 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేయించాడు. 1614లో తోకుగావా ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించింది. అనుమానం ఉన్నవాళ్ల ముందు క్రీస్తు బొమ్మో మరియ బొమ్మో పెట్టి తొక్కమనేవారు. తొక్కనివాడి గతి చెప్పక్కర్లేదు. కొందరు విశ్వాసులు పాస్టర్లు, ఫాదర్లు ఎవరూ లేకుండా ఇళ్లలోనే దాక్కుని, బౌద్ధుల కన్నోన్ విగ్రహంలా కనిపించే మరియ బొమ్మ పెట్టుకుని, నోటి మాటగా ప్రార్థనలు పిల్లలకి నేర్పుకుంటూ రెండు వందల ఏళ్లకు పైగా నిలబడ్డారు. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన ఔరా చర్చికి కొందరు వచ్చి మేమూ మీ విశ్వాసమే అని మెల్లగా చెప్పినప్పుడు అక్కడి ఫ్రెంచ్ ఫాదర్ నిర్ఘాంతపోయాడట. ఆ నిషేధం 1873లో గానీ పోలేదు. (ఇది రాస్తుంటే నాకు ప్రతిసారీ కళ్లు చెమ్మగిల్లుతాయి, ఏమనుకోకండి.)

ఈ రోజుకీ జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరి లెక్కలోనే ఉన్నారు. అక్కడ చర్చి గడప తొక్కని జంటలు కూడా తెల్ల గౌను కోసం, ఫొటోల కోసం చాపెల్‌లో పెళ్లి చేసుకుంటారు. అలాంటి చోట పెరిగిన చిత్రకారుడికి సిలువంటే ఏదో దూరదేశపు రహస్యంలా, చూడటానికి బాగుండే ఆకారంలా కనిపిస్తుంది.

ఇక మీ అబ్బాయి విషయం. ఆ సిరీస్‌లో హింస ఉంది, పిల్లలకి పనికిరాని దృశ్యాలూ ఉన్నాయి, చివరికొచ్చేసరికి బాగా దిగులు పుట్టిస్తుంది. అన్నో అంతకుముందు కొన్నేళ్లు డిప్రెషన్‌తో బాధపడ్డాడు, ఆ బరువంతా కథలో కనిపిస్తుంది. తండ్రి వదిలేసిన షింజీ అనే పద్నాలుగేళ్ల పిల్లాడు, నేనెవరికీ అక్కర్లేదు అనుకుంటూ ఆ రోబో ఎక్కుతాడు. లక్షల మంది కుర్రాళ్లు అతుక్కుపోయింది అక్కడే. కాబట్టి ఓ సాయంత్రం పక్కన కూర్చుని, ఆ షింజీ ఎవర్రా, వాడి బాధేమిటి అని అడగండి. సిలువ ఊసు తర్వాత దానంతటదే వస్తుంది.

ప్రశ్న: నేను సండే స్కూల్ టీచర్‌ని. చిన్నప్పుడు చూసిన పాత సూపర్‌బుక్ బైబిల్ కార్టూన్ జపాన్‌ వాళ్లదేనని ఎవరో అన్నారు. నిజమా?

జవాబు: నిజమే చెల్లీ. తత్సునోకో ప్రొడక్షన్ అనే టోక్యో కంపెనీ గీసింది, వెనక ఉన్నది అమెరికాలోని క్రిస్టియన్ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్. 1981లో జపాన్ టీవీలోనే మొదలైంది. ఓ అబ్బాయి, ఓ అమ్మాయి, కీ ఇస్తే నడిచే బొమ్మ రోబో, ముగ్గురినీ ఒక పుస్తకం లోపలికి లాగేసుకుని ఆదాము దగ్గరికో మోషే దగ్గరికో తీసుకెళ్లేది. మరుసటి ఏడు అదే కంపెనీ కొత్త నిబంధన కథలతో ఫ్లయింగ్ హౌస్ తీసింది, అందులో ఇల్లే కాలంలో వెనక్కి ఎగిరిపోతుంది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో సూపర్‌బుక్ అక్కడి టీవీలోనూ వచ్చింది, దేవుడి పేరే వినని ఇళ్లలో పిల్లలు బైబిల్ కథలు చూశారు. రేసు కార్ల బొమ్మలూ సూపర్‌హీరోల బొమ్మలూ గీసే చేతులతోనే ఇదంతా జరిగిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది. ఇప్పుడు వస్తున్న కంప్యూటర్ గ్రాఫిక్స్ సూపర్‌బుక్ వేరు, అది అమెరికా వాళ్లు మళ్లీ కొత్తగా తీసింది.

ఇంకో సంగతి కూడా పిల్లలకి చెప్పొచ్చు. 1963 జనవరి 1న ఆస్ట్రో బాయ్‌తో టీవీ యానిమేకి ఊపు తెచ్చిన ఒసాము తెజుకా, బుద్ధుడి మీద పెద్ద మాంగా (బొమ్మల కథ) రాసిన మనిషి, చివరి రోజుల్లో ఇటలీ టీవీ సంస్థ రాయ్‌తో కలిసి పాత నిబంధన కథల సిరీస్ మొదలుపెట్టాడు. అది పూర్తి కాకుండానే 1989లో చనిపోయాడు. ఒసాము దెజాకి దర్శకత్వంలో మిగతావాళ్లు 26 ఎపిసోడ్లు పూర్తి చేశారు.

ప్రశ్న: అన్నా, స్పిరిటెడ్ అవే చూశాను, చాలా నచ్చింది. కానీ అందులో నిండా దేవతలే. మా యూత్ గ్రూప్‌లో ఒకరు అది విగ్రహారాధన అన్నారు, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. చూడటం పాపమా? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, 1917లో జపాన్‌లో మొదటి యానిమేషన్ బొమ్మలు వచ్చినప్పటి నుంచీ వాళ్ల జానపద కథలు అందులో ఉన్నాయి. 1945లో నౌకాదళం డబ్బుతో తీసిన యుద్ధ ప్రచార చిత్రానికి కూడా పీచు పండులోంచి పుట్టిన మొమొతారోనే హీరో. షింటో అనే వాళ్ల పాత మతంలో నదికీ చెట్టుకీ రాయికీ ఒక్కో కామి, అంటే దేవత, ఉంటుంది, ఎనభై లక్షల మంది దేవతలని వాళ్ల మాట. హయావో మియజాకి 2001లో తీసిన ఈ సినిమా ఆ దేవతలు స్నానానికొచ్చే సత్రంలో జరుగుతుంది. అది మన విశ్వాసం కాదు, అందులో దాచిపెట్టడానికేమీ లేదు.

అయితే చూడటం వేరు, మొక్కడం వేరు. పౌలు ఏథెన్సు వీధుల్లో తిరిగి వాళ్ల బలిపీఠం మీది రాతను చదివాకే మాట్లాడాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు ఈ వారం నిదానంగా చదువు. విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి ఆయన చెప్పింది ఒక్క ముక్కలో తేలే జవాబు కాదు. విగ్రహం వట్టిదేనంటాడు, కానీ దయ్యాలతో పాలివాళ్లు కావద్దంటాడు, నీ స్వేచ్ఛ బలహీనుడికి అడ్డం కాకూడదంటాడు. తమాషా ఏమిటంటే ఈ సినిమా మొదలయ్యేదే అలాంటి భోజనంతో! దేవతల కోసం పెట్టిన తిండిని కథానాయిక చిహిరో అమ్మానాన్నలు అడగకుండా లాగించేసి పందులైపోతారు. ఆశపోతుతనం, పేరు పోగొట్టుకోవడం, చెత్తతో నిండిన నదిని కడగడం, ఇవన్నీ విశ్వాసికి అర్థం కాని విషయాలేం కావు. నేను రెండుసార్లు చూశాను. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే మానెయ్, ఆ స్నేహితుడి ముందు మాత్రం చూడకు.

ప్రశ్న: బైబిల్ మాటను గౌరవంగా వాడిన యానిమే, జపాన్ క్రైస్తవుల బాధ చూపించిన యానిమే ఉన్నాయా?

జవాబు: కొన్ని ఉన్నాయి. మమోరు ఒషీ తీసిన ఘోస్ట్ ఇన్ ది షెల్‌లో (1995) పడవ మీద కూర్చున్న కథానాయికకి ఒక గొంతు వినిపిస్తుంది, ఆ మాట 1 కొరింథీ 13:12లోది, “ఇప్పుడు అద్దములో చూచినట్టు సూచనగా చూచుచున్నాము”. సగం మనిషి, సగం యంత్రం అయిన ఆమె నోట చివర్లో 11వ వచనం వస్తుంది. ఎవాంగెలియన్‌లో సిలువలు ఎన్నున్నా నాకు ఇంత బరువు తగల్లేదు. 1975 నాటి డాగ్ ఆఫ్ ఫ్లాండర్స్ చివరి ఎపిసోడ్ సంగతి సరేసరి. ఆంట్వెర్ప్ కెథెడ్రల్‌లో రూబెన్స్ గీసిన సిలువ చిత్రాల ముందు పేద పిల్లాడూ కుక్కా ప్రాణం విడిస్తే దేవదూతలు దిగివచ్చి తీసుకెళ్తారు. జపాన్‌లో ఒక తరం మొత్తం ఏడ్చింది దానికి.

రహస్య క్రైస్తవుల కథ కావాలంటే సమురాయ్ చాంప్లూ (2004). ఫూ అనే అమ్మాయి వెతికే సమురాయ్ ఆమె తండ్రే, నిషేధం రోజుల్లో క్రైస్తవ రైతులు లేచిన షిమబారా తిరుగుబాటులో ఉన్న క్రైస్తవుడు. చివరికి ఆయన నాగసాకి దగ్గరి ఇకిత్సుకి దీవిలో దొరుకుతాడు. ఇకిత్సుకి కల్పించిన పేరు కాదు, దాక్కున్న విశ్వాసులు నిజంగా తరతరాలుగా బతికిన దీవి. సిరీస్ నిండా కత్తియుద్ధాలు, రక్తం ఉంటాయి కాబట్టి సండే స్కూల్లో మాత్రం వేయకండి. పెద్దవాళ్లు చూడాలనుకుంటే చివరి మూడు ఎపిసోడ్లతో మొదలుపెట్టకుండా మొదటి నుంచే చూడండి, లేకపోతే ఆ తండ్రి ఎవరో తెలిసే చోటు చప్పగా పోతుంది.