మూసేసిన ఖాతాకు కట్టిన మైనస్ సొమ్ము వెనక్కి వస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసేనాటికి నా జీతం ఖాతాలో రూ.640 ఉన్నాయి. ఆ తర్వాత దాన్ని వాడలేదు. ఏడాదిన్నరకు మూసేద్దామని వెళితే రూ.11,380 మైనస్‌లో ఉందన్నారు. ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి వాడిన సొమ్ము) వడ్డీ కూడా వేశారు. మొత్తం కట్టాకే ఖాతా మూశారు. ఇది జరిగి పది నెలలైంది. స్టేట్‌మెంట్ జతచేశాను. ఆ డబ్బు తిరిగి అడగవచ్చా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అడగవచ్చు, అందులో చాలా భాగం మీకు రావలసిందే. ఖాతా మూసేసినంత మాత్రాన, అడిగిన సొమ్ము కట్టేసినంత మాత్రాన, నిబంధనకు విరుద్ధంగా వేసిన రుసుమును ప్రశ్నించే హక్కు పోదు. స్టేట్‌మెంట్ ముందే తీసుకుని మంచి పని చేశారు. మూసేసిన ఖాతాకు ఇవ్వలేమని కొన్ని శాఖల్లో అంటుంటారు గానీ, లావాదేవీల రికార్డులను కనీసం ఐదేళ్లు భద్రపరచవలసిన బాధ్యత బ్యాంకుల మీద ఉంది.

జీతం పడటం ఆగిపోయాక మీ ఖాతా మామూలు పొదుపు ఖాతాగా మారి, కనీస నిల్వ షరతు వర్తించింది. అప్పటి నుంచి నెలనెలా రూ.500, దానిపై జీఎస్టీ రూ.90 కోశారు. మొదటి నెల రూ.590 పోగా రూ.50 మిగిలింది, రెండో నెల నుంచి లెక్క సున్నా దాటి కిందికి దిగింది. సరిగ్గా ఇక్కడే బ్యాంకు ఆగవలసింది. కనీస నిల్వ లేదన్న రుసుము కారణంగానే పొదుపు ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో ఆదేశించింది. అది 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిది నెలల రుసుము రూ.10,620లో మీ రూ.640 తీసేస్తే మిగిలే రూ.9,980, దానిమీద వేసిన వడ్డీ రూ.1,164, కలిపి రూ.11,144 తిరిగి కోరండి. జీఎస్టీతో సహా అడగడం మరవకండి. మిగిలిన రూ.236 డెబిట్ కార్డు వార్షిక రుసుము. ఆ ఆదేశం కనీస నిల్వ రుసుముకే పరిమితం కనుక దాన్ని ఇందులో కలిపితే మీ వాదన బలహీనపడుతుంది. చెక్కు లేదా ఈఎంఐ వెనక్కి వెళ్లినందుకు వేసే ఛార్జీల సంగతీ అంతే. నిజంగా ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని ఖర్చు పెట్టుకున్నవారు ఆ వడ్డీని తిరిగి అడగలేరు.

ఆ రూ.640 సంగతి కూడా వదిలేయనక్కర్లేదు. నిల్వ తగ్గిందని ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా తెలియజేసి, సరిచేసుకోవడానికి నెల గడువు ఇచ్చాకే రుసుము వేయాలి. ఆ సమాచారం ఏ తేదీన, ఏ నంబరుకు పంపారో చూపమని ఫిర్యాదులోనే అడగండి. పాత ఆఫీసు ఈమెయిల్‌కు పంపి చేతులు దులుపుకున్న సందర్భాలు నా దగ్గరికి వచ్చినవాటిలోనే చాలా ఉన్నాయి.

ఫిర్యాదును శాఖలో నోటిమాటగా కాక, బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపి, నమోదు సంఖ్య తీసుకోండి. మూసేసిన ఖాతా సంఖ్య, సొమ్ము కట్టిన రసీదు, డబ్బు జమ చేయవలసిన మరో ఖాతా తాలూకు రద్దు చేసిన చెక్కు జతచేయండి. 'సద్భావనతో సగం ఇస్తాం' అని ఫోన్ చేస్తే, మిగతా సగం ఏ నిబంధన కింద ఉంచుకుంటున్నారో రాసి ఇమ్మనండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) సీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు చేసే మొదటి ఫిర్యాదు మాత్రం కాలపరిమితి చట్టం గడువు దాటకముందే వెళ్లి ఉండాలి. ఇలాంటి వసూళ్లకు దాన్ని మూడేళ్లుగా లెక్కవేసుకోవడం క్షేమం. తొలి కోతకు ఇప్పటికే రెండేళ్లు దాటాయి కాబట్టి ఈ వారంలోనే రాయండి.

ఈలోగా మీ సిబిల్ నివేదిక (మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర) కూడా తెరిచి చూడండి. ఈ మైనస్‌ను అక్కడ ఓవర్‌డ్రాఫ్ట్ బకాయిగా చూపించి ఉంటే, సవరణకు విడిగా దరఖాస్తు పెట్టాలి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు రూ.100 చొప్పున పరిహారం మీకు చెల్లించాలి.