కైరల్ పల్లాడియం ప్రాజెక్టు తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ మూడో సెమిస్టర్ చదువుతోంది. ఆఖరి సెమిస్టర్‌కి కైరల్ పల్లాడియం ఉత్ప్రేరకంతో పైరోలిడిన్‌లు తయారుచేసే ప్రాజెక్టు ఇస్తామంటున్నారు. ఉద్యోగానికి పనికొస్తుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పనికొస్తుందండీ. పైరోలిడిన్ అంటే నైట్రోజన్ ఉన్న ఐదు పరమాణువుల వలయం; చాలా మందుల్లో నైట్రోజన్ వలయాలు ఉంటాయి. కైరల్ ఉత్ప్రేరకం అంటే, కుడి, ఎడమ చేతుల్లా అద్దంలో బింబాల్లాంటి రెండు రూపాల్లో ఒకదాన్నే ఎక్కువగా తయారుచేసేది. కాకపోతే ఒప్పుకునే ముందు ల్యాబ్‌లో ఆర్గాన్ లైన్ (గాలి తగలకుండా పనిచేసే ఏర్పాటు) ఉందా, కైరల్ హెచ్‌పీఎల్‌సీ కాలమ్ (రెండు రూపాలనూ విడదీసి కొలిచే సాధనం) దొరుకుతుందా అని అమ్మాయిని కనుక్కోమనండి. రెండోది లేకపోతే వద్దనే చెబుతాను. కుడి, ఎడమ రూపాలు ఎంతెంత వచ్చాయో తేల్చకుండా 'అసిమెట్రిక్' (ఒక రూపమే ఎక్కువగా వచ్చేలా చేసినది) అని రాసుకుంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది.

మిషిగన్ యూనివర్సిటీలో జాన్ వుల్ఫ్ బృందం వలయాన్ని ఒకే అడుగులో మూసే పద్ధతిగా అభివృద్ధి చేసిన కార్బోఅమినేషన్‌నే చూడండి. బాక్ అనే రక్షణ సమూహం తగిలించిన పెంటెనైల్ అమీన్, ఆరైల్ బ్రోమైడ్, సోడియం టెర్ట్‌బ్యూటాక్సైడ్ కలిపి టోలిన్‌లో వేడిచేస్తారు. 0.2 మిల్లీమోల్ స్కేల్‌లో 2.5 మోల్ శాతం పీడీ2డీబీఏ3 (పల్లాడియం సమ్మేళనం) అంటే 4.6 మిల్లీగ్రాములే, తూకంలో కాస్త తేడా వచ్చినా లెక్కంతా మారిపోతుంది. పైగా అందులో పల్లాడియం పరమాణువులు రెండు. అంటే లోహం 5 శాతం, లైగాండ్ (లోహానికి అంటుకునే అణువు; ఇక్కడ కైరల్‌ది ఇదే) దానికి మించి, సుమారు 7.5 శాతం ఉండాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. లైగాండ్ అంటని పల్లాడియం రెండు రూపాలనూ సమానంగా తయారుచేసి ఈఈని (ఒక రూపం రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువో చెప్పే అంకెను) దించేస్తుంది. ఫ్లాస్క్‌లో నల్లటి పొడి దిగితే ఉత్ప్రేరకం పాడైనట్టే. టోలిన్‌లో ఆక్సిజన్ మిగిలిందేమో ముందు చూడాలి. వలయం మూసుకోకుండా హెక్ ఉత్పత్తి (ఆరైల్ ముక్క మాత్రమే అతుక్కున్న పదార్థం) రావడం మరో తలనొప్పి.

అసలు పని కంటే ముందు అకైరల్ లైగాండ్‌తో రెసిమిక్ (రెండు రూపాలూ సమానంగా ఉన్న) నమూనా చేసుకోవాలి. తర్వాత కైరల్ కాలమ్‌లో హెక్సేన్–ఐసోప్రొపనాల్ నిష్పత్తి మారుస్తూ రెండు పీకులూ విడిపోయేదాకా ఓపిక పట్టాలి. ఆరు నెలల్లో ఏడెనిమిది ఉదాహరణలు నమ్మకంగా పూర్తిచేస్తే చాలు.

హైదరాబాద్ ఫార్మా ప్రాసెస్ ఆర్ అండ్ డీకి (తయారీ పద్ధతులు రూపొందించే విభాగానికి) వెళ్లాలనుకుంటే మిగిలిపోయిన పల్లాడియాన్ని తొలగించడం కూడా నేర్చుకోమనండి. ఐసీహెచ్ క్యూ3డీ (మందుల్లో లోహ మలినాలపై అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం నోటి మందులో రోజుకి 100 మైక్రోగ్రాములే హద్దు. థయాల్ సిలికా (పల్లాడియాన్ని పట్టుకునే పొడి) ఎందుకు వాడతారో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం గట్టెక్కినట్టే.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే జాతీయ అర్హత పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌కి ఇప్పటినుంచే చదవాలి. 200 మార్కుల్లో 100 ప్రశ్నపత్రంలోని మూడో భాగం, పార్ట్ సీవే, తప్పు జవాబుకి కోత కూడా ఉంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.