లండన్ చూసేశాం, ఇంకేం చూడాలి?

ఈసారి ఉత్తరాల్లో సగం లండన్ గురించే. పిల్లల దగ్గరికి వెళ్ళే పేరెంట్స్, చదువుకోడానికి వెళ్ళినవాళ్ళు, మధ్యలో రెండ్రోజులు దిగేవాళ్ళు, అందరూ ఒకటే అడుగుతున్నారు. అందుకని మిగతా ఊళ్ళన్నీ పక్కనపెట్టి ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, లండన్ ఐ టికెట్ల గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, అవి ఎవరైనా చూపిస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు లండన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మేమిద్దరం వచ్చి నెల దాటింది. వీకెండ్స్‌లో చూపించాల్సినవన్నీ చూపించేశారు. మిగతా రోజులు వాళ్ళు ఆఫీసుకి వెళ్తే మేం టీవీ ముందు కూర్చుంటున్నాం. మా వారికి మోకాళ్ళ నొప్పులు, నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. మా అంతట మేం వెళ్ళి చూడగలిగేవి ఏమైనా ఉంటాయా?

జవాబు: ఎందుకుండవమ్మా, అసలు ఆ ఊరు మీలా తీరిక ఉన్నవాళ్ళకే బాగా కనపడుతుంది. ముందు అండర్‌గ్రౌండ్ రైలు సంగతి మర్చిపోండి, చాలా స్టేషన్లలో లిఫ్టు ఉండదు, మెట్లు ఎక్కి దిగేసరికి మీ వారి ఓపిక అక్కడే అయిపోతుంది, పైగా భూమి లోపల వెళ్తే ఏం కనపడుతుంది చెప్పండి. బస్సు ఎక్కండి. 2025లో టికెట్ 1.75 పౌండ్లు ఉండేది, ఎక్కేటప్పుడు డ్రైవర్ పక్కనున్న పసుపుపచ్చ రీడర్ మీద కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఒక్కసారి ట్యాప్ చేస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. ఆ ట్యాప్ నుంచి గంటలోపు ఇంకో బస్సు ఎక్కినా, ఇంకోటి ఎక్కినా మళ్ళీ డబ్బులు పడవు. క్యాష్ మాత్రం 2014లోనే ఆపేశారు, చిల్లర పట్టుకుని ఎక్కితే దింపేస్తారు. ఇద్దరికీ ఒకే కార్డు పనిచేయదు, మీ కార్డు మీది, ఆయన కార్డు ఆయనది. ఇంకో మాట, పొద్దున కార్డుతో ట్యాప్ చేసి సాయంత్రం అదే కార్డుని ఫోన్‌లో పెట్టి ట్యాప్ చేస్తే సిస్టమ్ ఇద్దరు మనుషులనుకుంటుంది, రోజుకి ఇంతకంటే ఎక్కువ పట్టుకోకూడదు అనే లిమిట్ కలవదు, కాబట్టి ఏదో ఒకటే వాడండి. ఇంగ్లిష్ గురించి భయం వద్దు, వచ్చే స్టాప్ పేరు స్క్రీన్ మీద పడుతుంది, పైకి చదువుతుంది కూడా. పై డెక్‌లో ముందు సీటు బాగుంటుందని అందరూ చెప్తారు, నిజమే, కానీ బస్సు కదులుతుండగా ఆ ఇరుకు మెట్లు దిగడం మీ వారికి వద్దు.

ఇక ఎక్కడికి అంటారా. ఒకరోజు నది దాటండి. డీఎల్ఆర్ అని ఇంకో రైలు ఉంటుంది, దానికి ముందు డ్రైవర్ క్యాబిన్ ఉండదు, మొదటి సీటు దొరికిందంటే పట్టాలు ఎదురుగా కనపడుతూ రైలు మీరే నడుపుతున్నట్టుంటుంది, మీ వారికి ఇదొక్కటే చాలు. దాని స్టేషన్లన్నిట్లో మెట్లెక్కకుండా వెళ్ళే దారి ఉంది. కింగ్ జార్జ్ ఫైవ్ స్టేషన్‌లో దిగి మెల్లగా నది వైపు నడిస్తే వూలిచ్ ఫెర్రీ వస్తుంది. లారీలు, కార్లు, మనుషులు అందరినీ ఎక్కించుకుని థేమ్స్ దాటిస్తుంది, పది నిమిషాలు కూడా పట్టదు, పైసా తీసుకోరు. 1889 నుంచి ఫ్రీనే. అప్పట్లో పడమటి లండన్‌లో వంతెనల మీద టోల్ ఎత్తేస్తే, మరి మా తూర్పు వైపు వంతెనే లేదు కదా, మా సంగతేంటి అని అక్కడివాళ్ళు గొడవ పెట్టారు, దాంతో ఈ పడవ వచ్చింది. టూరిస్టులు పెద్దగా ఉండరు, పనికెళ్ళేవాళ్ళే ఉంటారు. అవతలి ఒడ్డున వూలిచ్ బజారు చూసుకుని వూలిచ్ ఆర్సెనల్‌లో మళ్ళీ డీఎల్ఆర్ ఎక్కి వచ్చేయండి. అప్పుడప్పుడు పడవ ఆపేస్తుంటారు, బయల్దేరే ముందు అబ్బాయిని ఆన్‌లైన్‌లో ఒకసారి చూడమనండి.

ఇంకో రోజు బో అనే ఏరియా. బ్రామ్లీ బై బో స్టేషన్ దగ్గర పోవిస్ రోడ్డులో కింగ్స్‌లీ హాల్ అని ఇటుక బిల్డింగ్ ఉంది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీగారు హోటల్ వద్దని, కూలీలు, ఫ్యాక్టరీ పనివాళ్ళు ఉండే ఈ పేటలో, మ్యూరియల్ లెస్టర్ అనే ఆవిడ నడిపే ఈ హాల్లో, మేడ మీద చిన్న గదిలో పన్నెండు వారాలు ఉన్నారు. తెల్లారకముందే లేచి ఈ వీధుల్లోనే వాకింగ్‌కి వెళ్ళేవారు. చార్లీ చాప్లిన్ ఆయన్ని కలిసింది కూడా ఆ రోజుల్లోనే, అక్కడికి దగ్గర్లోనే కానింగ్ టౌన్‌లో. లోపల చూడాలంటే ముందుగా అడిగి వెళ్ళాలి, బయట గోడ మీద ఫలకం మాత్రం ఎప్పుడైనా చూడొచ్చు. పార్లమెంట్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం ముందు ఫొటో దిగి వచ్చేవాళ్ళే ఎక్కువ, నా లెక్కలో ఈ వీధి దానికంటే ఎక్కువ చెప్తుంది.

పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్ పేట గురించి కూడా చాలామంది అడిగారు. వెళ్ళండి, స్టేషన్ బోర్డు మీదే పంజాబీ రాసే గురుముఖి లిపి కనపడుతుంది. కానీ పచారీ సామాను తెచ్చుకుని వచ్చేస్తే షాపింగ్ అవుతుంది అంతే, గురునానక్ రోడ్డులో (పాత పేరు హేవ్‌లాక్ రోడ్డు) గురుద్వారా దాకా నడిస్తేనే ఆ పేట తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా. రీల్స్‌లో హిడెన్ లండన్ అని చూపించిన చోటికల్లా వెళ్తే అక్కడ ఆల్రెడీ ఫొటోల కోసం క్యూ ఉంటోంది. నిజంగా ఎవరికీ తెలియని చోట్లు ఎలా పట్టుకోవాలి, అదీ డబ్బు ఖర్చు కాకుండా?

జవాబు: తొంభై లక్షలకి దగ్గర్లో జనం ఉండే ఊళ్ళో ఎవరికీ తెలియని చోటు ఏముంటుంది తమ్ముడూ, ఎవరో ఒకరి ఇంటి ముందే కదా అది. నువ్వు చోట్లు వెతకడం మానేసి దారి పట్టుకో. ఒక స్టేషన్‌లో దిగి పక్క స్టేషన్‌లోనో దాని పక్క స్టేషన్‌లోనో ఎక్కు, మధ్యలో నడువు, అంతే, నేను ఎవరికైనా చెప్పే పద్ధతి ఇదొక్కటే.

ఉదాహరణకి ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగి షోర్‌డిచ్ హై స్ట్రీట్ దాకా వెళ్ళు, నేరుగా నడిస్తే ఇరవై నిమిషాలు, చూస్తూ నడిస్తే సాయంత్రం గడిచిపోతుంది. స్టేషన్ బయటే అల్తాబ్ అలీ పార్క్. 1978లో జాత్యహంకారులు చంపేసిన బంగ్లాదేశీ బట్టల కార్మికుడి పేరు అది. బెంగాలీ భాష కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ స్మారకం, ఢాకా షహీద్ మినార్‌కి నమూనా కూడా ఆ పార్కులో ఉంది. అక్కణ్ణించి బ్రిక్ లేన్‌లోకి వెళ్తే వీధి బోర్డులు బెంగాలీలో కూడా ఉంటాయి. అందరూ గోడల మీద బొమ్మల్ని ఫొటో తీసుకుంటూ పోతారు, నువ్వు ఫోర్నియర్ స్ట్రీట్ మూల దగ్గర ఆగు. అక్కడ మసీదు ఉంది, 1976 నుంచి మసీదు. అంతకుముందు 1898 నుంచి యూదుల సినగాగ్. అంతకుముందు 1819 నుంచి మెథడిస్టుల చర్చి. మొదట కట్టింది మాత్రం 1743లో, ఫ్రాన్స్‌లో తమ మతాన్ని నిషేధిస్తే పారిపోయి వచ్చిన హ్యూగనాట్లు అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. గోడలు అవే, లోపల ప్రార్థన చేసేవాళ్ళే మారుతూ వచ్చారు. పైన గోడకి సూర్యగడియారం ఉంటుంది, తల బాగా ఎత్తి చూస్తే 1743 అని అంకెలు, దాంతో పాటు లాటిన్‌లో మనమంతా నీడలం అని రాసి ఉంటుంది. ఆ హ్యూగనాట్లు పట్టు నేసేవాళ్ళు, అదే వీధిలో పాత ఇళ్ళ అటక చూడు, వెడల్పాటి కిటికీలు కనపడతాయి, మగ్గానికి వెలుతురు కావాలి కదా అందుకని. ఇంత చూడ్డానికి రైలు టికెట్ తప్ప ఖర్చు లేదు.

ఇంకోటి కాలవ గట్టు. రీజెంట్స్ కెనాల్ 1820లో పూర్తయింది, లిటిల్ వెనిస్ నుంచి లైమ్‌హౌస్ దాకా దాదాపు 14 కిలోమీటర్లు, మొత్తం ఒకేసారి నడవకు, లిటిల్ వెనిస్ నుంచి కామ్డెన్ దాకా చాలు. మొదట్లో ఒక సొరంగం వస్తుంది, దాన్లో గట్టు లేదు, పైకెక్కి రోడ్డు దాటి మళ్ళీ దిగాలి. తర్వాత రీజెంట్స్ పార్క్ అంచున మాకిల్స్‌ఫీల్డ్ బ్రిడ్జి వస్తుంది, అక్కడ ఇనప స్తంభాల మీద చెయ్యి పెట్టి చూడు, వేలు దూరేంత గాడులు ఉంటాయి. పడవల్ని గట్టు మీద నుంచి గుర్రాలు లాగేవి, ఆ తాళ్ళు రాసుకుని రాసుకుని ఇనుము అరిగిపోయింది. విశేషం ఏంటంటే స్తంభానికి రెండు వైపులా గాడులు ఉంటాయి. 1874 అక్టోబరులో గన్‌పౌడర్ తీసుకెళ్తున్న పడవ సరిగ్గా దీని కింద పేలి వంతెన కూలిపోయింది, మళ్ళీ కట్టినప్పుడు అవే స్తంభాల్ని తిప్పి నిలబెట్టారు, దాంతో అరగని వైపు తాళ్ళకి వచ్చి అదీ అరగడం మొదలైంది. పక్కనుంచి సైకిళ్ళు రయ్యిమని పోతుంటాయి, వంతెనల కింద ఒక పక్కకి నిలబడు.

ఒక చిట్కా, వీధి పేరు బోర్డు మీద చివర్న ఈ1 (ఈస్ట్), ఎన్‌డబ్ల్యూ3 (నార్త్ వెస్ట్) ఇలా పోస్ట్‌కోడ్ ఉంటుంది చూశావా, దాన్ని బట్టి ఏ వైపు ఉన్నావో తెలుస్తుంది. కానీ నంబర్ పక్కపక్కన ఉంటే ఏరియా పక్కపక్కన ఉంటుందనుకోకు. 1917లో నంబర్లు వేసినప్పుడు మధ్యలో దానికి 1 ఇచ్చి మిగతావి పేటల పేర్ల ఏబీసీడీ వరసలో ఇచ్చేశారు, అందుకే ఎస్ఈ1 నది ఒడ్డున ఊరి నడిమధ్య ఉంటే ఎస్ఈ2 ఎక్కడో చివర ఆబీ వుడ్‌లో ఉంటుంది. అద్దెకి రూమ్ చూసుకునేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

సెప్టెంబర్‌లో అక్కడే ఉంటే ఓపెన్ హౌస్ ఫెస్టివల్ వదలకు, మామూలుగా లోపలికి రానివ్వని బిల్డింగులు ఆ రోజుల్లో ఫ్రీగా చూపిస్తారు, కొన్నిటికి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

ప్రశ్న: లండన్‌లో అంబేద్కర్ గారు ఉన్న ఇల్లు చూడొచ్చా? చుట్టుపక్కల ఇంకేముంది?

జవాబు: చూడొచ్చండి. 10, కింగ్ హెన్రీస్ రోడ్, నార్తర్న్ లైన్‌లో చాక్ ఫామ్ స్టేషన్ దిగితే నడిచి వెళ్ళొచ్చు. 1921-22లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుకుంటూ అక్కడున్నారు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొనేసి మ్యూజియం చేసింది, టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. చుట్టూ ఇళ్ళే కాబట్టి గుంపుగా వెళ్తే గేటు ముందు గట్టిగా మాట్లాడకండి, మ్యూజియం వద్దని పక్కవాళ్ళు కంప్లైంట్లు పెడితే పర్మిషన్ కోసం చాలా పోరాడాల్సి వచ్చింది. అది అయ్యాక ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కండి, చిన్న గుట్టే, ఊరంతా కనపడుతుంది. డిసెంబర్‌లో అయితే నాలుగు గంటలకే చీకటి పడిపోతుంది, పొద్దున్నే పెట్టుకోండి.

ప్రశ్న: రెండే రోజులు ఉంటాం. జనానికి తెలియని టాప్ 10 ప్లేసులు చెప్పండి ప్లీజ్.

జవాబు: పది చెప్పను. ఒకటి చెప్తా, బ్రిక్స్‌టన్. విక్టోరియా లైన్ ఆఖరి స్టేషన్, సెంటర్ నుంచి పావుగంట. 1948లో విండ్‌రష్ ఓడలో కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళలో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళని యుద్ధకాలం నాటి ఒక అండర్‌గ్రౌండ్ షెల్టర్‌లో పెట్టారు, అది క్లాపమ్ సౌత్‌లో ఉంది, దానికి దగ్గర్లో ఉద్యోగాల ఆఫీసు బ్రిక్స్‌టన్‌లో ఉంది, పని కోసం అక్కడికి వెళ్ళి వెళ్ళి ఆ చుట్టుపక్కలే ఇళ్ళు తీసుకున్నారు. పేట అలా తయారైంది. ఎలక్ట్రిక్ అవెన్యూలో మార్కెట్ చూడండి, 1880ల్లో కరెంటు దీపాలు పెట్టిన మొదటి మార్కెట్ వీధి, ఆ పేరు అందుకే. బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్ కూడా అక్కడే, విండ్‌రష్ స్క్వేర్‌లో. మిగతా టైమ్‌లో మీ పది ప్లేసులూ మీరు ఎలాగూ చూస్తారు.

ప్రశ్న: తూర్పు లండన్, బ్రిక్స్‌టన్ లాంటి చోట్ల సేఫ్ కాదంటారు, అమ్మాయిలం ఇద్దరం వెళ్ళొచ్చా?

జవాబు: పగలు, మార్కెట్ టైమ్‌లో హాయిగా వెళ్ళండి. నిజం చెప్పాలంటే అక్కడికంటే మీరు సేఫ్ అనుకునే సెంట్రల్ లండన్‌లోనే ఫోన్ ఎక్కువ జాగ్రత్త. ఎలక్ట్రిక్ బైకుల మీద వచ్చి చేతిలో ఫోన్ లాక్కుపోతారు, మాప్ చూసుకుంటూ పేవ్‌మెంట్ అంచున నిలబడ్డవాళ్ళే వాళ్ళకి దొరికేది. దారి చూసుకోవాలంటే షాపు గోడకి ఆనుకుని రోడ్డు వైపు మొహం పెట్టి చూసుకోండి, చూశాక లోపల పెట్టేయండి. ఎమర్జెన్సీకి 999, పోలీసులకి మామూలు కంప్లైంట్ అయితే 101.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది కానీ, ఇలా గంటలు గంటలు తిరిగితే టాయిలెట్ ఎక్కడ?

జవాబు: మొహమాటం దేనికండీ, దీని వల్లే సగం మంది పెద్దవాళ్ళు ఇల్లు కదలరు. వీధుల్లో పబ్లిక్ టాయిలెట్లు తక్కువ, ఉన్నా తాళం వేసి ఉంటాయి. కింగ్స్ క్రాస్, లివర్‌పూల్ స్ట్రీట్ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం 2019 నుంచి ఫ్రీ. ఫ్రీ ఎంట్రీ ఉన్న మ్యూజియంలు, పేటల్లో లైబ్రరీలు, పెద్ద సూపర్ మార్కెట్లు కూడా పనికొస్తాయి, కానీ ఆదివారం సూపర్ మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తారు, లైబ్రరీలు చాలావరకు మూసే ఉంటాయి, అది చూసుకోండి. అండర్‌గ్రౌండ్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఏ స్టేషన్‌లో టాయిలెట్ ఉందో చూపించే మాప్ ఉంది, ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి.