రెండో వాదన రాకపోతే సంచిక ఆపెయ్

అమ్మడూ,

ఆశీస్సులు. నువ్వు యూనివర్సిటీలో పత్రిక పెడుతున్నావనీ, ఏ పార్టీ వైపూ మొగ్గకుండా సంచికకో అంశం తీసుకుని రెండు వైపుల వాదనలూ వేస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్న వెంటనే గర్వంగా అనిపించింది. ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ప్రెస్సుకు ఇచ్చే తేదీ జరపొద్దు. ప్రూఫులు రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు చూడాలి. తప్పు పడితే సవరణ కూడా అదే పేజీలో కనిపించాలి. ఎవరికైనా నిజంగా ముప్పు ఉంటే పేరు దాచు, కాని రాసిందెవరో నీకు తెలిసి తీరాలి.

డబ్బు సంగతి మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించు. "ముద్రణ ఖర్చు మేం పెట్టుకుంటాం" అంటూ ఏదో ఒక సంఘం వస్తుంది. ఎంత మంచివాళ్లయినా వద్దను. యూనివర్సిటీయే ఇస్తానంటే, ఆ నియమాలు అన్ని పత్రికలకూ ఒకటేనా అని కాగితం మీద చూసుకో. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ, మతదృష్టితో రాస్తున్నారని ఒక విద్యార్థి పత్రికకు ముద్రణ ఖర్చు ఇవ్వనంటే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిగతావాటికి ఇస్తూ, అభిప్రాయం చూసి ఒకదానికి ఆపకూడదని 5–4తో తీర్పు వచ్చింది. కాని పత్రిక పుట్టింది 1990లో, తీర్పు వచ్చింది 1995లో. చదువుకునే పిల్లలకు అన్నేళ్లు ఎక్కడుంటాయమ్మా?

ఇప్పుడు అసలు సంగతి. నేను చదువుకునే రోజుల్లో మా పత్రిక కూడా ఇలాంటిదే. నేను ప్రూఫులు చూసేదాన్ని. మా సంపాదకుడు నాకు సీనియరు, పక్షపాతం అంటే ఏమిటో తెలియని మనిషి. ఒకసారి విద్యార్థి సంఘానికి ఎన్నికలు ఉండాలా వద్దా అన్న అంశం పెట్టాడు. వద్దన్న వ్యాసం గడువుకు ముందే వచ్చింది. చక్కగా రాశారు కూడా. ఉండాలన్న కుర్రాడు రేపు, ఎల్లుండి అంటూ జరిపాడు. ప్రెస్సువాడు తొందరపెడుతున్నాడు. మా సంపాదకుడు ఉన్న వ్యాసం వేసేసి, కింద చిన్న పెట్టె కట్టించాడు: "దీనికి జవాబు వచ్చే సంచికలో."

వచ్చే సంచిక పరీక్షల వల్ల ఆలస్యమైంది. ఈలోగా అధికారులు ఎన్నికలు వాయిదా వేశారు. మా వ్యాసాన్ని ఎవరో కత్తిరించి, "విద్యార్థుల మాట ఇదీ" అని పైన రాసి నోటీసు బోర్డుకు అంటించారు. కత్తిరించినప్పుడు ఆ పెట్టె పోయింది. ఆ కుర్రాడు మా గదికి వచ్చాడు. రెండు వైపులా రాసిన కాగితాలు, గుండుసూది గుచ్చి ఉన్నాయి, మార్జిన్లలో కూడా కొట్టివేతలే. పాపం, బద్ధకించలేదు, తిరగరాస్తూ కూర్చున్నాడు. బల్ల మీద పెట్టి, "ఇప్పుడు వేసి ఏం లాభం?" అని వెళ్లిపోయాడు. మా సంపాదకుడు తర్వాతి సంచికలో మొదటి పేజీలోనే వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆ వైపు వాళ్లెవరూ మాకు రాయలేదు. "అది వాళ్ల పత్రిక" అన్నారు. రాసేవాళ్లు ఒక వైపే మిగిలారు కాబట్టి చివరికి ఆ మాటే నిజమైంది.

అందుకే చెప్తున్నా. రెండో వ్యాసం చేతికి రాకపోతే ఆ అంశం ఆపెయ్. కావాలంటే ఆ నెల సంచికే ఆపెయ్. ఖాళీ నింపడానికి ఆ వాదన నువ్వు రాయాలనుకుంటావు, నాకు తెలుసు నీ చురుకుదనం. వద్దు. దాన్ని నిజంగా నమ్మినవాళ్లే రాయాలి. ఇద్దరికీ గడువు ఒకటే, నిడివి ఒకటే. రెండూ అందాక ఒకరిది ఒకరికి ఇచ్చి, చెరో చిన్న జవాబు రాయించు. హెడ్డింగు పెట్టాక రాసినవాళ్లకు చూపించు. వ్యాసం సజావుగా ఉన్నా, హెడ్డింగు వెటకారంగా ఉంటే అంతా పోతుంది.

ఇంగ్లండులోని మాంచెస్టర్ గార్డియన్ దినపత్రికకు నూరేళ్లు నిండినప్పుడు, 1921లో, సంపాదకుడు సి.పి.స్కాట్ ఒక వ్యాసం రాశాడు. మిత్రుల గొంతుకు ఎంత హక్కుందో ప్రత్యర్థుల గొంతుకూ అంతే ఉందన్నాడు. వాస్తవాలు పవిత్రమైనవని కూడా అక్కడే అన్నాడు. కాబట్టి రెండు వ్యాసాల్లోని అంకెలూ మీవాళ్లే సరిచూడాలి. అభిప్రాయం కదా అని అబద్ధం వదిలేయకూడదు.

ఎవరు గెలిచారో ఓట్లు వేయించి అచ్చు వేయకు. ఇది నా పట్టుదల అనుకో. 1933 ఫిబ్రవరిలో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల చర్చా సంఘం ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో రాజు కోసం, దేశం కోసం యుద్ధం చేయబోమన్న తీర్మానం 275–153తో నెగ్గింది. జరిగింది చర్చ. బయటివాళ్లు దాన్ని దేశద్రోహంగా చదివారు. పిరికివాళ్లని చెప్పడానికి 275 తెల్ల ఈకలు పెట్టెలో పంపారు. కొందరు లోపలికి చొరబడి మినిట్స్ పుస్తకంలోంచి ఆ పేజీలు చించేశారు. లోపల ఎవరెంత బాగా వాదించారో బయట ఎవరికీ అక్కర్లేకపోయింది, అంకె ఒక్కటే మిగిలింది. నీ పత్రికలో రాసే పిల్లలకు రేపు ఉద్యోగాలు కావాలి, పెళ్లిళ్లు కావాలి. వాళ్ల పేరు పక్కన నువ్వు పెట్టే ప్రతి మాటా వాళ్లతోపాటే వస్తుంది.

నిన్ను బెదిరిస్తారు. రెండు వైపులవాళ్లూ. ఫోన్లో వచ్చిన ప్రతి మాటా తేదీతో రాసిపెట్టుకో, స్నేహితులకు చెప్పు, నాకు చెప్పు. అర్ధరాత్రి ప్రెస్సు నుంచి ఒంటరిగా రావడం మాత్రం నేను ఒప్పుకోను. పత్రిక ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు. మీ అమ్మ మీద విసుక్కోకు. తను వద్దనలేదు, భయపడిందంతే. చిన్నప్పుడు భోజనాల దగ్గర నువ్వు అన్నయ్యతో వాదించి, మధ్యలో పక్షం మార్చి మళ్లీ వాదిస్తుంటే అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది మీ అమ్మే.

మొదటి సంచిక అంశం ఏమిటో తనకు కూడా చెప్పలేదట. నాకు రాయి. రెండు వైపులా ఎవరెవరు రాస్తున్నారో కూడా రాయి. ప్రూఫులు పంపిస్తే ఆ రాత్రే చూసి పంపుతాను.

మీ పెద్దమ్మ