బండి సందేహాలు: రేడియో తీస్తే హెచ్చరిక మోత కూడా పోయింది

ప్రశ్న: సామాన్లు మోసుకోవడానికి 2004 షెవ్రోలే సిల్వరాడో పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ రేడియోలో బ్లూటూత్ లేదని కొత్తది తెచ్చి, పాతది ఊడదీశాను. తీరా చూస్తే, తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు ఆ కనెక్టర్‌లో ఎక్కడా లేదు. పైగా లైట్లు ఆర్పకుండా దిగినా, తాళం బండికే వదిలి తలుపు తీసినా ఇదివరకటి టింగ్ టింగ్ మోత రావడం లేదు. ఏదైనా కాల్చేశానా అని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: ఏమీ కాలలేదండి. 2003-2006 సిల్వరాడోల్లో ఆ మోత మోగించేది రేడియోనే. సీటు బెల్టు పెట్టుకోలేదనో, లైట్లు ఆర్పలేదనో బండిలోని కంప్యూటర్ ఒక డేటా వైరు మీద కబురు పంపితే రేడియో టింగ్ మంటుంది. తాళం తిప్పిన సంగతీ ఆ వైరు మీదే వస్తుంది, అందుకే మీరు వెతికిన వైరు అక్కడ లేదు.

ఇక్కడే చాలామంది ఓ అడ్డదారి తొక్కుతారు. కొత్త రేడియోలో తాళం తిప్పినప్పుడే కరెంటు అందాల్సిన ఎర్ర వైరుని తీసుకెళ్లి పసుపు వైరుకి కలిపేస్తారు, పాట వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. పసుపు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కదా, రేడియో ఆపడం మర్చిపోయిన రాత్రి బ్యాటరీ దిగిపోయి పొద్దున్న బండి కదలదు. ఫ్యూజు బాక్సులో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి ఎర్ర వైరుకి లాగితే ఆ బాధ తప్పుతుంది గానీ మోత మాత్రం తిరిగి రాదు.

నా మాట వింటే ఆ డేటా వైరు కబుర్లు చదివి కొత్త రేడియోకి తాళం కరెంటు అందించే డేటా ఇంటర్‌ఫేస్ అడాప్టర్ కొనండి, హెచ్చరిక మోత ఇచ్చేదే కావాలని అడిగి మరీ తీసుకోండి. మామూలు వైర్ల అడాప్టర్ కంటే ఖరీదే, అయినా నేనైతే ఇక్కడ పిసినారితనం చూపించను. కొనేముందు మీ స్పీకర్ల మీద బోస్ అని ఉందేమో చూసుకోండి, ఉంటే కంపెనీ యాంప్లిఫయర్ కూడా ఉన్నట్టే, దానికి వేరే రకం అడాప్టర్ కావాలి. యాంటెనా ప్లగ్‌కీ చిన్న అడాప్టర్ పడుతుంది.

బ్యాటరీ నెగటివ్ తీసేశాకే వైర్ల మీద చెయ్యి వేయండి. కొత్త రేడియో వైర్లకీ అడాప్టర్ వైర్లకీ అతుకులన్నీ ఇంట్లో బల్ల మీదే వేసుకోండి, డ్యాష్‌బోర్డు సందులో తల దూర్చి వేసే అతుకు ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. డబుల్ డిన్ (సింగిల్ డిన్ సైజుకి రెండింతల ఎత్తుండే రేడియో) పెద్ద స్క్రీన్ మీద మోజు ఉంటే లోపల ప్లాస్టిక్ కోయాల్సి వస్తుంది, 50 మిల్లీమీటర్ల ఎత్తుండే సింగిల్ డిన్ అయితే ఫిట్టింగ్ కిట్‌తో హాయిగా కూర్చుంటుంది.

పాత రేడియో అమ్మేద్దామనుకుంటున్నారేమో, అది మీ బండి ఛాసిస్ నంబరుకి (VIN) కట్టుబడి ఉంటుంది. ఇంకో బండిలో పెడితే లాక్ అయిపోతుంది, కొనేవాళ్లకి ఆ ముక్క ముందే చెప్పండి.