ఆ తల్లి ఏడుపును వాంగ్మూలంగా రాయకు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆమదాలవలస నుంచి వస్తూ బస్సులో, రెండోసారి ఇంట్లో పెన్సిల్ పట్టుకుని. తెల్లారగట్ట మూడు నెలల పాప ఒళ్ళు చల్లగా తగిలితే, చలేసిందేమో అనుకుని తల్లి ఇంకో దుప్పటి కప్పుతుంది చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను. నీకు రాయడం వచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతా ఉత్తరమంతా నీతో గొడవే.

నాలుగో పేజీలో పోస్టుమార్టం చేసిన డాక్టరు గ్లవ్స్ తీస్తూ బయటికొచ్చి, "ఊపిరాడకుండా చేసి చంపారు" అని ఎస్సైతో అంటాడు. వెంటనే తల్లిని జీపెక్కిస్తారు. డాక్టరు అంత తేలిగ్గా చెప్పలేడు. మెత్తటి దిండు ముక్కుకి అడ్డుపడి పోయిన బిడ్డా, అసలు ఏ కారణమూ దొరక్కుండా నిద్రలోనే పోయిన బిడ్డా, కోసి చూస్తే చాలాసార్లు ఒక్కలాగే ఉంటారు. ఈ రెండో రకాన్నే సిడ్స్ అంటారు, ఆకస్మిక శిశు మరణం. ఏడాది లోపు పిల్లల్లో, అందులోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువగా జరుగుతుంది. 1989లో నిపుణులు దీని నిర్వచనాన్ని సవరించినప్పుడు మూడు పనులు తప్పనిసరి చేశారు: పూర్తి పోస్టుమార్టం, బిడ్డ పోయిన చోటుని స్వయంగా వెళ్ళి చూడటం, బిడ్డ ఆరోగ్య చరిత్ర తిరగేయడం. మూడూ చేశాక కూడా ఏమీ తేలకపోతేనే ఆ మాట వాడాలి. నీ డాక్టరు ఒక్కటే చేశాడు.

పైగా అతనితో ఊపిరితిత్తుల్ని నీళ్ళలో వేయించి, తేలుతున్నాయో మునుగుతున్నాయో చూపించావు. ఆ పరీక్ష అప్పుడే పుట్టిన పిల్లలకి. బిడ్డ బతికి పుట్టిందా, పుట్టేటప్పటికే పోయిందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు చేస్తారు, అక్కడ కూడా దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. మూడు నెలల పాటు ఏడ్చి, నవ్వి, పాలు తాగిన పిల్ల ఊపిరి పీల్చిందా లేదా అని ఎవరు అడుగుతారు? ఆ పేరా కొట్టేయ్.

పక్కింటి పెద్దమ్మ అనే "పాలు పొలమారి పోయిందట" మాత్రం ఉంచు. మన ఊళ్ళలో పసిపిల్ల పోతే ముందు వినబడేది ఆ మాటే. డాక్టరుకి కూడా గొంతులో, గాలిగొట్టంలో పాలు కనబడొచ్చు. కానీ ప్రాణం పోయేటప్పుడో, పోయాక శరీరాన్ని అటూ ఇటూ కదిపినప్పుడో పొట్టలోని పాలు పైకి రావడం మామూలే. కాబట్టి పాలు కనబడినంత మాత్రాన పొలమారి పోయిందని కాదు. ముక్కు దగ్గర కాస్త ఎర్రటి నురగ ఉన్నా అంతే, విషం పెట్టారని ఊరు అనుకుంటుంది గానీ మామూలు సిడ్స్‌లో కూడా ఆ నురగ కనబడుతుంది.

మచ్చల సంగతి నేను వేరే చెప్పాలి. 1990ల్లో రాజాం వైపు ఒక పత్రికకి విలేకరిగా ఉండేవాణ్ణి. ఒక పల్లెలో రెండు నెలల పాప పోయిందని తెలిసి వెళ్ళాను. నులకమంచం మీద పాత చీర పరిచి పడుకోబెట్టారు. ఎవరో చిన్నగా పక్కకి తిప్పారు. వీపు మీదా, పిక్కల వెనకా ఊదారంగు మచ్చలు, భుజాల ఎముకల దగ్గర మాత్రం తెల్లగా ఉంది. "ఒంటిపై కమిలిన గాయాలు" అని రాసి పంపేశాను. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. అవి గాయాలు కావు తమ్ముడూ. గుండె ఆగిపోయాక రక్తం బరువుకి కిందికి దిగి చర్మం కింద పేరుకుంటుంది, నేలకి ఆనిన చోట ఒత్తిడికి చేరలేదు కాబట్టి అక్కడ తెల్లగా ఉంటుంది, సుమారు ఆరు నుంచి పన్నెండు గంటల్లో కదలకుండా స్థిరపడిపోతుంది. చదవడం తెలిసినవాళ్ళకి ఆ మచ్చలు బిడ్డ వెల్లకిలా పోయిందో బోర్లా పోయిందో, తర్వాత ఎవరైనా తిప్పారో చెప్తాయి. నాకు తెలియదు. తెలుసుకునేసరికి ఆ పాప తల్లిని కన్నోరింటికి పంపేశారు. సవరణ రాయాలని కూడా నాకు తోచలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ నులకమంచం గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు. నీ మీద ఇంత పట్టుగా ఉండటానికి కారణం అదే.

అందుకని కథని మార్చురీలోంచి గదిలోకి తీసుకురా. గదిలో నువ్వు రాసినదానికంటే రాయాల్సింది చాలా ఉంది. బాలింత గది అన్నావు, డిసెంబరు అన్నావు, కిటికీ మూసి ఉందన్నావు, మూల కుంపటి ఉందని ఒక్కసారి అని వదిలేశావు. ఆ కుంపటిని ఎలా వదిలేశావు? తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ఎక్కువైతే ఆ మచ్చలు ఊదాగా కాక చెర్రీ పండు రంగులో కనబడతాయి. గట్టి చలిలో ఉంచిన శరీరానికి కూడా అలాంటి ఎరుపు రావచ్చు, అందుకే రక్తపరీక్ష చేయాలి. పాపకి ఎన్ని దుప్పట్లు కప్పారు, తలకి కుచ్చుటోపీ కట్టారా, ఒళ్ళు చెమట పట్టిందా? వేడెక్కిపోవడం కూడా ప్రమాదమే. ముసలమ్మ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, తాగుతుందని రాశావు, మన శ్రీకాకుళం పల్లెల్ని ఎరిగినవాడివని అక్కడ తెలిసిపోయింది. పసిపిల్లల దగ్గర పొగాకు పొగ సిడ్స్ ప్రమాదాన్ని పెంచుతుంది. ఆమె చుట్ట ఏ గదిలో కాల్చింది? మంచం మీద ఎందరు పడుకున్నారు, పాప ఎవరి పక్కన ఉంది, చివరిసారి పాలు ఎప్పుడు తాగింది, రెండు రోజుల ముందు జలుబు చేసిందా, చేస్తే ఏ మందు పోశారు?

అమెరికాలో 1996 నుంచి ఈ ప్రశ్నలకి ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది. దానితోపాటు ఒక బొమ్మ కూడా పట్టుకెళ్తారు. తల్లి చేతికో, బిడ్డని ముందు చూసినవాళ్ళ చేతికో ఆ బొమ్మనిచ్చి, "రాత్రి ఎలా పడుకోబెట్టారో చూపించండి, పొద్దున్న ఎలా ఉందో చూపించండి" అని అడిగి ఫొటోలు తీస్తారు. మాటల్లో "బోర్లా ఉంది" అంటే ముఖం పక్కకి ఉందా, పరుపులో కూరుకుపోయిందా తెలియదు, బొమ్మని పెట్టినప్పుడు తెలుస్తుంది. మన దగ్గర అలా చేయడం నేను చూడలేదు. పైగా మన దగ్గర చాలాసార్లు ఎవరూ వచ్చేలోపే, పొద్దెక్కకముందే చెరువు గట్టున పూడ్చిపెట్టేస్తారు. పిల్లలు ఎలా పడుకున్నారని అడిగి అడిగి లెక్కలు తీసినందుకే "వెల్లకిలా పడుకోబెట్టండి" అనే ప్రచారం బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో మొదలైంది. అక్కడ సిడ్స్ మరణాలు సగానికి సగం తగ్గాయి.

నీ కథలో ఆ ప్రశ్నలు ఎస్సై చేత కాకుండా ఏఎన్‌ఎం చేత, అంటే ఊళ్ళో తిరిగే ఆరోగ్య కార్యకర్త చేత అడిగించు. శిశు మరణాల సమీక్షకి 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది, ఇంటికొచ్చి కుటుంబంతో మాట్లాడటం అందులో భాగమే. ఆమె ఆ ఇంట్లో టీకాలు వేసిన మనిషి, తల్లి ఆమె ముందు నోరు విప్పుతుంది. ఎస్సై ఉండొద్దని కాదు. అనుమానాస్పద మరణానికి పంచనామా ఉంటుంది, పెద్దమనుషుల సంతకాలుంటాయి. అన్నట్టు నీ కథ ఈ ఏడాది జరిగింది కాబట్టి పాత సీఆర్‌పీసీ 174 సెక్షన్ అని రాయకు, 2024 జులై 1 నుంచి దాని చోట వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 194.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టిన చోటు. తల్లి గుమ్మంలో కూలబడి "నానే పొట్టనెట్టుకున్నానర్రా" అని ఏడుస్తుంది. కానిస్టేబుల్ అది విని రాసుకుంటాడు. నువ్వు కూడా ఆమె నేరం ఒప్పుకున్నట్టే రాశావు. మన పల్లెల్లో బిడ్డ పోయిన ఏ తల్లి ఆ మాట అనలేదు చెప్పు? ఆస్ట్రేలియాలో క్యాథ్లీన్ ఫోల్‌బిగ్ అనే ఆమెకి నలుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. తనని తాను తిట్టుకుంటూ డైరీలో రాసుకున్న మాటల్ని కోర్టులో ఒప్పుకోలుగా చదివారు. 2003లో శిక్ష పడింది. ఇద్దరు ఆడపిల్లల్లో గుండె లయని దెబ్బతీయగల జన్యు మార్పు ఉందని తర్వాత బయటపడింది, 2023లో క్షమాభిక్ష ఇచ్చారు, అదే ఏడాది శిక్షలు కొట్టేశారు. అప్పటికి ఇరవై ఏళ్ళు జైల్లో గడిచాయి. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్‌కి ఇద్దరు పిల్లలు పోతే, ఒకే ఇంట్లో అలా రెండుసార్లు జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒకటని ఒక పెద్ద డాక్టరు కోర్టులో చెప్పాడు. ఒక్క మరణానికి వేసిన అంచనాని దానితోనే గుణించేశాడు, ఒకే ఇంటి పిల్లలకి ఒకే జబ్బు, ఒకే గాలి ఉండొచ్చని ఆలోచించకుండా. 1999లో యావజ్జీవం పడింది. రెండో బిడ్డ శరీరంలో సూక్ష్మక్రిములు దొరికిన పరీక్ష ఫలితాలు ముందు బయట పెట్టలేదని తేలాక 2003లో విడిచిపెట్టారు. 2007లో ఆమె చనిపోయింది.

తల్లులు ఎప్పుడూ చంపరని నేను అనడం లేదు. చంపినవాళ్ళూ ఉన్నారు, అందుకే ఇంత జాగ్రత్తగా చూడాలి. ఇన్ని పనులు చేశాక కూడా కాగితం మీద "కారణం నిర్ధారణ కాలేదు" అనే మిగలొచ్చు. విశాఖ ల్యాబుకి పంపిన విసెరా (లోపలి అవయవాల నమూనాలు) రిపోర్టు నెలల తర్వాత రావచ్చు, వచ్చినా అందులో ఏమీ ఉండకపోవచ్చు. నీ కథ ఆ నెలల్లో ఉంది. తల్లి బావి దగ్గరికి వెళ్తే మిగతా ఆడవాళ్ళు మాట ఆపేయడం, మొగుడు కుంపటిని పెరట్లోకి విసిరేయడం, ముసలమ్మ చుట్ట మానేసి ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పకపోవడం. పాలు మాత్రం బిడ్డ పోయిందని తెలియకుండా వస్తూనే ఉంటాయి, ప్రశ్నలకి జవాబు చెప్తున్నప్పుడు రవిక తడిసిపోతే చెంగు లాక్కుని కప్పుకుంటుంది.

మార్చి రాశాక శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయానికి తీసుకురా, అక్కడ కూర్చుని చదువుకుందాం. ఇంకొకటి. కథలో పాపకి పేరుంది, ఎస్సైకి ఉంది, జీపు డ్రైవరుకి కూడా ఉంది. ఆ తల్లికి లేదు. ఆమెకి పేరు పెట్టి తీసుకురా.

మీ అన్న