అక్కా, ఇంట్ల కట్టె ఫ్లోర్ ఏది వేయించాలె?

ఈ ఎండకాలం ముగ్గురు ఫోన్ చేసి ఇదే అడిగిన్రు. ఒకరు మా సిరోంచ పిల్లనే, పెండ్లయి అమెరికాల డల్లస్ పోయింది, కొత్త ఇల్లు కొంటున్నరు. ఇంకొకరు బల్లార్‌పూర్ చెల్లె, ఇక్కడ ఒహాయోల మా కొలంబస్‌లనే పాత ఇల్లు తీసుకున్నది. మూడోది అహేరి తమ్ముడు, చికాగో దిక్కు మూడో అంతస్తుల కాండో (సొంత ఫ్లాట్) కొన్నడు. ముగ్గురి నోట ఒక్కటే మాట, "అక్కా, ఇక్కడ సాగ్వాన్ (టేకు) దొరుకుతదా, దొరక్కపోతే దాని లెక్క గట్టి కట్టె ఏదుంటది చెప్పు". మహారాష్ట్రల గడ్చిరోలి దిక్కు ఆలాపల్లి అడవి పక్కన పెరిగినోళ్లం, కట్టె అంటే సాగ్వానే, మంచి కట్టె అంటే గట్టి కట్టెనే అని చిన్నప్పటి సంది మనసుల పడిపోయింది. ఒక్కటే అడిగిన్రు గానీ ముగ్గురికీ వేరే వేరే జవాబు చెప్పాల్సొచ్చింది, కొత్తగ వచ్చే మనోళ్లందరికీ పనికొస్తదని రాస్తున్న.

ముందుగాల సాగ్వాన్ సంగతి. కట్టె గట్టితనం కొలిచేటందుకు జాంకా అని ఒక లెక్క ఉన్నది, 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సగం దాకా కట్టెల దిగేటట్టు ఒత్తుతరు, ఎంత బలం పడితే అంత నంబర్. ఇక్కడ దొరికే కట్టెలల్ల రెడ్ ఓక్ 1290, వైట్ ఓక్ 1360, హార్డ్ మేపుల్ 1450, హికరీ 1820. మన సాగ్వాన్ 1070 దగ్గర. మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలే, నాన్నకు ఫోన్ చేసిన, ఆయన 30 ఏండ్లు టింబర్ డిపోల పనిచేసిండు. "సాగ్వాన్ గట్టిదని ఎవరన్నరు బిడ్డా, అది కదలదు, అందుకే దానికంత ధర" అన్నడు. ఈ ఒక్క మాట అర్థమైతే దుకాణంల సగం గందరగోళం పోతది. సాగ్వాన్ల సహజంగనే నూనె ఉంటది, తేమకు ఉబ్బుడు, ఎండకు కుంచించుకపోవుడు తక్కువ. హికరీ గంత గట్టిది గదా, తేమ మారితే సాగ్వాన్ కంటే మస్తు కదుల్తది. గట్టితనం నంబర్ చూపెట్టి అమ్మేటోళ్లు ఈ కదిలే సంగతి చెప్పరు.

మన ఇండ్లల్ల చూసే ఉంటరు, వేరే కట్టెతోని చేసిన తలుపు వానకాలం బిగుసుకపోయి భుజం పెట్టి నూకాల్సొస్తది, మళ్ల ఏప్రిల్ వచ్చేసరికి సందుల నుంచి ఎండ కనబడ్తది. ఇక్కడ అదే పని కాళ్ల కింద ఇల్లంతా జరుగుతది, కాకపోతే కాలాలు ఉల్టా. ఒహాయోల ఎండకాలం గాలిల తేమ ఎక్కువ, చలికాలం హీటర్ నడిచిందంటే ఇల్లు ఎండిపోయి పెదవులు పగుల్తయి, కట్టె కూడా అట్లనే.

నేను ఇది దెబ్బ తిని నేర్చుకున్న. 2012ల మా మొదటి ఇంటికి ఆగస్టు నెలల సాలిడ్ (పలక మొత్తం ఒకటే కట్టె) ఓక్ వేయించినం, పనోళ్లు లారీ నుంచి పెట్టెలు దించిన రోజే పలకలు కోసి మేకులు కొట్టుడు మొదలుపెట్టిన్రు, నాకు తెలువక తొందరగ అయిపోతుందని సంబురపడ్డ. జనవరిల పలక పలకకు నడుమ సందులు, చిన్నోడు అప్పుడే పాకుతుండె, వాడు పారబోసిన అటుకులు, మరమరాలు అన్నీ ఆ సందులల్లనే. అడిగితే కట్టె అన్నంక అట్లనే ఉంటది అన్నరు. సన్నటి సందులు చలికాలం రావుడు నిజమే, కానీ గంత పెద్దగ కావు. వాళ్లు చేయాల్సిన పని ఏందంటే, ఇంట్ల ఏసీనో హీటరో రోజూ నడిచేటట్టు నడిపి, పెట్టెలు అదే గదిల పెట్టి, పలక తేమ, కింద ప్లైవుడ్ తేమ మీటర్‌తోని చూసి, రెండింటి నడుమ తేడా సన్న పలకలకైతే 4 శాతం లోపల, 3 అంగుళాలు, అంతకు మించిన వెడల్పు పలకలకైతే 2 శాతం లోపలికి వచ్చినంకనే వెయ్యాలె. మూడు రోజులా వారమా అని దినాలు లెక్కపెట్టుడు కాదు, మీటర్ ఏం చెప్తే అది. మీ పనాయన దగ్గర తేమ మీటర్ లేదంటే ఆయనకు పని ఇయ్యకుండ్రి, ఎంత తక్కువకు చేస్తనన్నా సరే. వేసినంక ఇంట్ల తేమ 30 నుంచి 50 శాతం నడుమ ఉండేటట్టు చలికాలం హ్యూమిడిఫైయర్ పెట్టుకోండ్రి.

ఇగ డల్లస్ పిల్లకు ఏం చెప్పిన్నంటే, మీ ఇంటి కింద ఏమున్నదో ముందు చూడు అన్న. టెక్సస్ల ఎక్కువ ఇండ్లు కాంక్రీట్ స్లాబ్ మీదనే కడ్తరు, బేస్‌మెంట్ ఉండది. ముప్పావు అంగుళం సాలిడ్ కట్టెను మేకులతోని ప్లైవుడ్‌కు కొడ్తరు గానీ ఉత్త స్లాబ్‌కు ఎట్ల కొడ్తరు, పైగ కాంక్రీట్ కిందికెళ్లి తేమ గుంజుతది. గందుకే అక్కడ ఇంజినీర్డ్ వుడ్. పేరు చూసి నకిలీ అనుకోకుండ్రి, పైపొర అసలు కట్టెనే, కింద ప్లైవుడ్ పొరలు ఒకటి అడ్డం ఒకటి నిలువు అతికిస్తరు కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకొని కదలనియ్యవు. సాగ్వాన్ పుట్టుకతోనే చేసే పనిని వీళ్లు పొరలతోని చేయిస్తున్నరన్న మాట. అడగాల్సింది ఒక్కటే, పైపొర మందం ఎంత? అర మిల్లీమీటర్ ఉంటే గీతలు పడ్డంక మళ్ల రుద్దించుడు కుదరది, 3 లేదా 4 మిల్లీమీటర్లు ఉంటే ఒకటి రెండు సార్లు రుద్ది పాలిష్ పెట్టించుకోవచ్చు. సాలిడ్ అయితే నాలుగైదు సార్లు.

కొలంబస్ చెల్లెది వేరే కథ. 1950ల కట్టిన ఇల్లు, అంతా కార్పెట్, పీకేసి కొత్త ఫ్లోర్ వేయిస్తమంటే ఆగమన్న. ఒక అలమార మూలకు పోయి కార్పెట్ కొస లేపి చూడమన్న, కింద రెండుంపావు అంగుళాల ఓక్ పలకలు! ఆ కాలపు ఇండ్లల్ల ఇది మస్తుగ ఉంటది. రుద్దించి పాలిష్ పెడితే చాలు, కొత్తది కొనే పనే లేదు. కానీ పాత ఇండ్లల్ల ఒకటి జాగ్రత్త, కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు బిళ్లలు కనిపిస్తే గీకకుండ్రి, ముట్టుకోకుండ్రి. 1980కి ముందటి వాటిల ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించినంకనే ఏదన్నా. పసిపిల్లలున్న ఇల్లు, గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోతది.

అహేరి తమ్ముడికి కట్టె కంటే ముందు కాయితాలు చూసుకొమ్మన్న. కాండో అసోసియేషన్ రూల్స్‌ల ఫ్లోర్ చప్పుడు కింది ఇంటికి పోకుండ ఎంత ఆపాల్నో నంబర్ రాసి ఉంటది, ఐఐసీ అంటరు, నంబర్ ఎక్కువైతే చప్పుడు తక్కువ పోతది, కొన్నిచోట్ల 50, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పర్మిషన్ లేకుండ వేస్తే పీకేయమంటరు. ఆయన బడ్జెట్ తక్కువ, లామినేట్ చూసిండు. లామినేట్‌ల కట్టె బొమ్మ ఉంటది గానీ పైన కట్టె ఉండది, ఫోటో మీద గట్టి పొర, కింద హెచ్‌డీఎఫ్, అంటే కట్టె పీచును జిగురుతోని ఒత్తి చేసిన పలక. గీతలకు మంచిగ ఆగుతది, ఎంత అరుగుడుకు ఆగుతదో ఏసీ3, ఏసీ4 అని పెట్టె మీద గ్రేడ్ రాసి ఉంటది, ఇంటికి అవి సరిపోతయి. నీళ్లు నిలిస్తే మాత్రం అంచులు ఉబ్బుతయి, ఉబ్బినంక దానికి మందు లేదు. లామినేట్ గానీ ఇంజినీర్డ్ గానీ టీఎస్‌సీఏ టైటిల్ 6 అని రాసి ఉన్నదే కొనండ్రి, లోపలి జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే చెడ్డ వాయువుకు హద్దు పెట్టిన అమెరికా రూల్ అది.

వంటింట్ల నేనైతే కట్టె వద్దనే అంట. మన వంట సంగతి తెలుసు గదా, పప్పు పొంగుతది, పోపుల నూనె చిల్లుతది, పసుపు పడ్తది, గిన్నెలు కడిగే కాడ నీళ్లు కారుతయి. టైల్స్ గానీ ఎస్‌పీసీ వినైల్ (రాతి పొడి కలిపిన ప్లాస్టిక్ పలకలు) గానీ వేసుకోండ్రి, నీళ్లకు భయం లేదు, కాకపోతే వినైల్ మీద రబ్బర్ అడుగున్న మ్యాట్ వెయ్యొద్దు, పసుపు రంగు మరక పడ్తది, మళ్ల పోదు. దేవుని అర్ర కూడా అంతే, అభిషేకం చేసేటోళ్లు కింద పెద్ద తాంబాలం పెట్టుకోండ్రి. అమ్మలు అత్తలు ఊరి నుంచి వచ్చినప్పుడు బకెట్ల బట్ట ముంచి బండలు తుడిచినట్టే తుడుస్తరు, ప్రేమతోనే చేస్తరు, కానీ నీళ్లు పలకల అంచులల్లకు దిగి కొసలు పైకి లేస్తయి. గట్టిగ పిండిన బట్టతోని తుడిచి ఎంబడే పొడిబట్ట పెట్టాల్నని వచ్చిన రోజే మెల్లగ చెప్పండ్రి. స్టీమ్ మాప్ అయితే అస్సలే కొనకుండ్రి.

ఆర్డర్ పెట్టేటప్పుడు గది కొలత మీద 10 శాతం ఎక్కువ తీసుకోండ్రి, కోతలల్ల పోతది కొంత. పని అయినంక మిగిలిన పెట్టెలు వాపస్ ఇయ్యకుండ్రి, అయిదేండ్ల తర్వాత డిష్‌వాషర్ కారి నాలుగు పలకలు పాడైతే అదే రంగు అదే కంపెనీ మళ్ల దొరకది, మాకు దొరకలే. తడి బేస్‌మెంట్‌ల కాకుండ ఇంట్లనే మంచం కింద పండబెట్టి దాచుండ్రి.